రియాక్ట్ కాంపొనెంట్‌లో స్వైప్ మధ్యలో ఎందుకు ఆగిపోతోంది?

మీరు అడిగింది: రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చేసిన ఫొటోల వరస మౌస్‌తో బాగానే జరుగుతోంది, ఫోన్‌లో వేలితో లాగితే కాస్త కదిలి ఆగిపోతోంది, వేలు కదిలినప్పుడు నడిచే ఆన్‌టచ్‌మూవ్‌లో ప్రివెంట్‌డీఫాల్ట్ (బ్రౌజర్ తన మామూలు పని చేయకుండా ఆపే ఆదేశం) రాసినా ఫలితం లేదు.

శ్రీకాకుళంలో ఒక బట్టల కొట్టుకి పొందూరు ఖద్దరు చీరల పేజీ చేసినప్పుడు నాకూ అచ్చం ఇదే ఎదురైంది. చీర ఫొటోని పక్కకి లాగుతుంటే, వేలు కొంచెం వంపు తిరగగానే పేజీ మొత్తం కిందకి పోయేది. వేలు కదలగానే అది స్క్రోలా, కాదా అన్నది బ్రౌజర్ తేల్చుకుంటుంది. స్క్రోల్ అనుకుంటే పాయింటర్‌క్యాన్సిల్ ఈవెంట్ పంపి, ఆ పైన కదలికలు మనకి ఇవ్వడం మానేస్తుంది.

మందు సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని తీర్చే కోడ్) ఉంది. బయటి డివ్‌కి టచ్-యాక్షన్ విలువగా పాన్-వై పెట్టండి. అప్పుడు నిలువు స్క్రోల్ బ్రౌజర్‌ది, అడ్డం కదలిక మీది. దాని పక్కనే పించ్-జూమ్ (రెండు వేళ్లతో పెద్దది చేయడం) కూడా చేర్చండి. నేత దగ్గరగా చూడకుండా ఖద్దరు ఎవరూ కొనరు. వేలు ఆనినప్పుడు వచ్చే పాయింటర్‌డౌన్‌లో ఎక్స్ విలువని (వేలి అడ్డం స్థానం) యూజ్‌రెఫ్‌లో, అంటే రియాక్ట్ విలువలు గుర్తుంచుకునే చోట దాచి, వేలు తీసినప్పుడు వచ్చే పాయింటర్‌అప్‌లో తేడా చూడండి. 50 పిక్సెళ్లు దాటితే స్వైప్ అనుకోవచ్చు. పాయింటర్‌క్యాన్సిల్‌లో అన్నీ మొదటికి తేవడం మరవకండి, లేదంటే ఫొటో సగంలో ఇరుక్కుంటుంది.

ప్రివెంట్‌డీఫాల్ట్ గురించి టెన్షన్ వద్దు. రియాక్ట్ 17 నుంచి ఆన్‌టచ్‌మూవ్ లిజనర్ (ఈవెంట్ వినే ఫంక్షన్) పాసివ్, అంటే బ్రౌజర్ పనిని ఆపలేదు, అక్కడ ప్రివెంట్‌డీఫాల్ట్ చెల్లదు. తప్పదనుకుంటే యూజ్‌ఎఫెక్ట్‌లో (కాంపొనెంట్ తెర మీదకి వచ్చాక నడిచే కోడ్) పాసివ్‌ని ఫాల్స్ చేసి లిజనర్‌ని మీరే తగిలించండి, కాంపొనెంట్ పోయేటప్పుడు నడిచే క్లీనప్‌లో తీసేయండి.