బడిలో సాల్మన్ తొట్టె పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పిల్లవాడు చదివే ప్రాథమిక పాఠశాలలో ఈ ఏడాది సాల్మన్ తొట్టె, అంటే సాల్మన్ చేప గుడ్లను తరగతి గదిలో పొదిగించి పిల్లచేపలను ఏట్లో వదిలేందుకు పెంచే తొట్టె, పెట్టించే బాధ్యతను తల్లిదండ్రుల సంఘం నీకు అప్పగించిందనీ, విరాళాలు ఎలా సేకరించాలో చెప్పమనీ రాశావు. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ దగ్గరి ఈ ఇసక్వాలో స్థిరపడ్డాక పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి కనుక తెలిసినంత చెబుతాను. నిజానికి డబ్బు సంగతి సులువే. 55 గ్యాలన్ల తొట్టె, నీళ్ళను చల్లబరిచే చిల్లరు, ఫిల్టరు, అడుగున పరిచే గులకరాళ్ళు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పనికివస్తాయి. వాటిలో చిల్లరుదే పెద్ద ఖర్చు. మనవాళ్ళు ఉగాది భోజనాల దగ్గర ఒక డబ్బా తిప్పితే అందులో సగానికి పైగా వచ్చేస్తుంది. దొరకనిది మనుషుల తీరిక. జనవరిలో గుడ్లు వచ్చిన రోజు మొదలు, ఏప్రిల్ చివరనో మే నెలలోనో పిల్లచేపలను ఏట్లో వదిలే దాకా, శనివారమని లేదు, సెలవని లేదు, ఎవరో ఒకరు రోజూ ఆ తొట్టెను చూడాలి. ఆ భారం మొత్తం టీచరు మీద పడితే మరుసటి ఏడాది తొట్టె స్టోరు గదికి చేరుతుంది. అలా చేరినవాటిని రెండింటిని నేనే దుమ్ము దులిపి బయటికి తీశాను.

అందుకని చందాల పుస్తకం కంటే ముందు క్యాలెండరు తెరువు. గుడ్లు తెచ్చుకోవడానికీ, చేపలను ఏట్లో వదలడానికీ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ అనుమతి కావాలి. వదిలే చోటు కూడా వాళ్ళు ఒప్పుకున్నదే అయి ఉండాలి. ఆ దరఖాస్తు పని టీచరుతో కలిసి శరదృతువులోనే ముగించు. బడిలో అడుగుపెట్టే ప్రతి వాలంటీరుకూ నేరచరిత్ర తనిఖీ ఉంటుంది కనుక పేర్లు ఇచ్చినవాళ్ళ చేత అది కూడా ఇప్పుడే చేయించు. ఆ తరువాత శని, ఆదివారాలను, సోమవారం సెలవులను, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారంలో వచ్చే సెలవులను, వసంతకాలపు సెలవులను విడివిడిగా రాసి ఒక్కొక్క తేదీకి ఇద్దరి పేర్లు వేయి. "వీలైనప్పుడు వస్తాను" అన్నవాళ్ళకు నమస్కారం పెట్టు, జాబితాలో మాత్రం చేర్చకు.

మన ప్రాంతంలో చలికాలపు గాలివానకు చెట్లు కూలి కరెంటు పోవడం నీకు కొత్త కాదు. చిల్లరు ఆగితే నీళ్ళు వేడెక్కుతాయి, పంపు ఆగితే ప్రాణవాయువు తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి తొట్టె పక్కనే ఉంచు. నీళ్ళు నింపి గట్టిగా మూత బిగించిన సీసాలు నాలుగైదు బడి ఫ్రీజరులో గడ్డకట్టించి పెట్టుకుంటే అవసరమైనప్పుడు తొట్టెలో తేలనివ్వవచ్చు. మంచు ముక్కలను నేరుగా వేయకూడదు, ఎందుకంటే అవి కుళాయి నీళ్ళతో చేసినవి, కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది.

క్లోరిన్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చేరిన రెండవ ఏడాది, ఒక ఆదివారం తొట్టెలో కొంత నీరు మార్చడానికి వెళ్ళాను. క్లోరిన్ విరిచే మందు కలిపి ముందు రోజు సిద్ధం చేసిన బకెట్టు ఒకటి, నేల తుడిచేవాళ్ళు నింపుకున్న బకెట్టు ఒకటి పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే రంగువి. నేను చూసుకోకుండా రెండవదాన్ని పోసేశాను. సోమవారం ఉదయం తరగతి గది తలుపు తీసేసరికి, పొట్టకింద ఆహారంగా ఉండే సొనసంచి ఇంకా కరగని ఆ బుల్లి పిల్లచేపలు గులకరాళ్ళ మీద వరుసగా వెల్లకిలా పడి ఉన్నాయి. గుప్పెడు మాత్రమే మిగిలాయి. టీచరు ఆ సంగతి దాచిపెట్టకుండా నన్నే పిలిపించి పిల్లల ముందు చెప్పించింది. ఎనిమిదేళ్ళ పాప ఒకతె లేచి, "బకెట్టు మీద పేరు రాయలేదా తాతా?" అని అడిగింది. అంతకు మించిన విచారణ సంఘం కూడా చేయలేదు. అప్పటి నుంచి సాల్మన్ బకెట్టుకు ఎర్ర మూత, మూత మీద నల్ల సిరాతో పేరు.

ఇక చేతులతో చేసే పని పిల్లలదే కావాలి. పెద్దవాళ్ళకు ఇది చెప్పి ఒప్పించడం కష్టం, ముఖ్యంగా ఉత్సాహం ఎక్కువగా ఉన్న తండ్రులకు. గుడ్లు కళ్ళు తేరిన దశలో వస్తాయి. నారింజ రంగు గింజలో రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక చెంచాలో గుడ్డును పెట్టి పిల్లవాడికి భూతద్దం ఇస్తే వాడు గంట సేపు కదలడు. చచ్చిన గుడ్డు తెల్లబడుతుంది, దాన్ని వెంటనే తీయకపోతే బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది. రబ్బరు బుడ్డి ఉన్న ప్లాస్టిక్ గొట్టంతో దాన్ని పీల్చి తీయడం మూడవ తరగతి పిల్లలు మనకంటే నేర్పుగా చేస్తారు. గుడ్డు పగిలాక పిల్లచేపలకు వెలుతురు పడదు కనుక తొట్టె చుట్టూ ఫోమ్ అట్టలు కట్టాలి; రోజుకొకసారి అట్ట తీసి చూసే వంతు కోసం తరగతి అంతా ఎదురుచూస్తుంది. సొనసంచి కరిగేదాకా మేత వేయకూడదు. తరువాత కూడా చిటికెడు చాలు. ఎక్కువైన మేత కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది. చేపలు ఆకలితో ఉన్నాయేమోనని జాలిపడి డబ్బా ఒంచే దయామయులైన వాలంటీర్లను నేను చాలామందిని చూశాను.

లెక్కలు చెప్పగలిగిన తల్లిదండ్రులకు మీ సంఘంలో కొదవ లేదు కదా, వాళ్ళకు ఈ పని ఒప్పగించు. గుడ్డు ఎప్పుడు పగులుతుందన్నది నీటి చల్లదనాన్ని బట్టి ఉంటుంది. ఫారెన్‌హీట్‌లో ఆ రోజు ఉష్ణోగ్రత నుంచి 32 తీసివేసి, వచ్చినదాన్ని రోజూ కూడుతూ పోవాలి; కోహో అనే రకం సాల్మన్ గుడ్లు ఆ మొత్తం 900కు అటూఇటూగా చేరినప్పుడు పగులుతాయి. గుడ్లు మీ చేతికి వచ్చేసరికి హ్యాచరీలో, అంటే చేపగుడ్లు పొదిగించే కేంద్రంలో, 540 పూర్తయిందనుకో, తొట్టె నీళ్ళు 50 డిగ్రీల దగ్గర ఉంటే రోజుకు 18 చొప్పున ఇంకా ఇరవై రోజులు. ఆ తేదీని పిల్లలే లెక్కగట్టి గోడ మీద రాయాలి. ఆ రోజు నిజంగా గుడ్డు పగిలితే, తీసివేతలంటే విసుక్కునే పిల్లవాడి ముఖం చూడాలి నువ్వు.

మరొక విషయం మనవాళ్ళ గురించే. చాలా బడుల్లో గుడ్లు రాకముందే, శరదృతువులో, హ్యాచరీ నుంచి వచ్చిన పెద్ద సాల్మన్‌ను కోసి లోపలి అవయవాలు చూపించే తరగతి ఉంటుంది. శాకాహారం పాటించే ఇళ్ళ నుంచి అభ్యంతరాలు వస్తాయి. వాటిని తేలిగ్గా తీసుకోకు, అలాగని తరగతిని రద్దుచేయమనీ అడగకు. ఈ జాతి సాల్మన్ గుడ్లు పెట్టిన తరువాత ఎలాగూ చనిపోతుందన్న సంగతి ముందుగా ఇంటికి ఉత్తరం రాసి తెలియజెయ్యి. ముట్టుకోవడం ఇష్టంలేని పిల్లలకు దూరం నుంచి చూసి బొమ్మ గీసే పని అడిగి పుచ్చుకో. గోదావరి జిల్లాల తాతయ్యలు ఎవరైనా ఆరునెలలకు వచ్చి ఇంట్లో ఊరికే కూర్చుని ఉంటే, వాళ్ళకు అక్టోబరు మొదటి వారాంతంలో సాల్మన్ డేస్ పండుగ నాడు మన హ్యాచరీ దగ్గర ఎదురీదే చేపలను చూపించు. వరదనీటిలో సముద్రం నుంచి పైకి వచ్చే పులస సంగతీ, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోవడమూ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. పులస మళ్ళీ సముద్రానికి తిరిగిపోతుంది, ఈ సాల్మన్ పోదు, అంతే తేడా. చేపలను వదిలే రోజు పిల్లలకు ఆ కథ చెప్పేందుకు వాళ్ళకంటే తగినవాళ్ళు దొరకరు.

విరాళం అడిగేటప్పుడు ఒక మాట మాత్రం అనకు: మన తొట్టె సాల్మన్‌ను కాపాడుతుందని. మన పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోని చినూక్ రకం సాల్మన్ 1999 నుంచి ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. కారు టైర్ల నుంచి రాలి వాననీటితో వాగుల్లో చేరే రసాయనం కోహోలను గంటల్లో చంపుతోందని 2020లో ఇక్కడి శాస్త్రజ్ఞులు తేల్చారు. వంద, రెండు వందల పిల్లచేపలతో తీరే లోటు కాదు అది. రేపు ఇంటి ముందు కారు కడిగే నాన్నను "ఆ నీళ్ళు ఏట్లోకి పోతాయి" అని ఆపే పిల్లను తయారుచేస్తున్నామని చెప్పు, అది నిజం. అలాగే ఈ చేప ఇక్కడి ఆదివాసీ జాతుల జీవనాధారమనీ, అమెరికా ప్రభుత్వంతో వారు చేసుకున్న ఒప్పందాల ప్రకారం పట్టదగిన చేపల్లో సగం వాటా వారిదని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చారనీ పిల్లలు వినాలి. వారి తరఫున మాట్లాడగలిగినవారిని టీచరు ద్వారా మర్యాదగా ఆహ్వానించండి. వారి కథను మనం చెప్పేయడం బాగుండదు.

ఏటా తప్పని ఖర్చు బస్సుది. కొంత చందా దానికి విడిగా దాచు. వదిలే రోజున నలుగురు పిల్లలకొక పెద్ద చొప్పున ఉండాలి, రబ్బరు బూట్లు ఉండాలి. బకెట్టులో కొద్దికొద్దిగా ఏటి నీరు కలిపి చల్లదనం సమానమయ్యాకే కప్పుల్లోకి తీయాలి. ఒక్కొక్కరికి ఒక కప్పు, కప్పులో వేలి కణుపంత చేప. తొందరపెట్టకు, కొందరు వీడ్కోలు చెప్పడానికి చాలాసేపు తీసుకుంటారు.

ఫిబ్రవరి సెలవుల వారం మొత్తానికి నా పేరు వేసుకో. రెండవ పేరుగా మీ ఆయన పేరు వేయి, అతనికి పొద్దున్నే లేవడం అలవాటవుతుంది. వచ్చే ఆదివారం హ్యాచరీ దగ్గర కలుద్దాం, ఎర్ర మూత బకెట్టు నాతో తెస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న