బండి బాగోగులు: పాత కాయిలోవర్లు కొనొచ్చా?

(రాయగడలో సస్పెన్షన్, అలైన్‌మెంట్ షెడ్డు నడుపుతున్న మేస్త్రి జవాబులు)

ప్రశ్న: మేస్త్రి గారూ, నాది 2015 పోలో జీటీ టీఎస్ఐ. ఉండేది పర్లాకిమిడి. ఉద్యోగరీత్యా పార్వతీపురం, సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ తరచూ వెళ్లొస్తుంటాను. మలుపుల్లో బండి బాగా ఒరుగుతోంది. విశాఖలో ఒకాయన తన పోలో అమ్మేస్తూ, దానికి వేయించిన బిల్‌స్టీన్ కంపెనీ బీ14 కాయిలోవర్ సెట్టు (ఎత్తు సర్దుకోగల స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు) విడిగా అమ్మకానికి పెట్టాడు. ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందట. కొత్తదాని ధరలో సగం అడుగుతున్నాడు. ఫొటోలు పంపాడు, డబ్బు వేస్తే పార్సిల్ చేస్తానంటున్నాడు. తీసుకోమంటారా? బండి ఎంత వరకు దించుకోవచ్చు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఫొటో చూసి డబ్బు మాత్రం వేయకండి బాబూ. పాతపట్నం, నరసన్నపేట, శ్రీకాకుళం మీదుగా పొద్దున్న విశాఖ బయల్దేరితే, చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతారు. అంత డబ్బు పెట్టే వస్తువుని చేత్తో పట్టుకుని చూడకుండా కొనడమేమిటి?

ముప్పై వేల కిలోమీటర్లన్న మాటని పక్కన పెట్టండి. షాక్ అరిగేది రోడ్డుని బట్టి. బీచ్ రోడ్డులో తిరిగిన ముప్పై వేలూ, దామన్‌జోడి లారీలు తొక్కేసిన ఘాట్ రోడ్డు మీద తిరిగిన ముప్పై వేలూ ఒకటి కావు. అందుకని అమ్మేవాడిని అడగడం మానేసి సామాను చూడండి.

ముందుగా షాక్‌లోంచి బయటికొచ్చే రాడ్డు. పొడి గుడ్డతో తుడిచి, గోరు ఆనించి పైనుంచి కిందికి లాగండి. గోరు ఎక్కడైనా తగులుకుందా, అక్కడ క్రోమ్ లేచిందని అర్థం. ఆ గరుకు రాడ్డు కదిలిన ప్రతిసారీ సీలుని కోస్తుంది. ఇవాళ కారకపోయినా, రేపు గతుకుల్లో కారుతుంది. అలాంటిది సగం ధర కాదు కదా, పావు ధరకిచ్చినా వద్దు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. బిల్‌స్టీన్ వాళ్లు చాలా కార్లకి ముందు స్ట్రట్‌ని (ముందు చక్రం షాక్‌ని) తలకిందుల మోనోట్యూబ్‌గా (ఒకే గొట్టంలో నూనె, గ్యాసు ఉండేలా) చేస్తారు. అక్కడ మెరుస్తూ కనిపించేది సన్న రాడ్డు కాదు, లావుపాటి గొట్టం. లోపల గ్రీజు పెడతారు కాబట్టి సీలు దగ్గర కాస్త గ్రీజు కనిపిస్తే కంగారుపడి బేరం వదులుకోకండి. పలచగా నూనెలా జారుతుంటేనే అనుమానించాలి.

తరవాత గ్యాసు. స్ప్రింగు విప్పించి, షాక్‌ని నిలబెట్టి, ఒళ్లంతా ఆనించి కిందికి తొయ్యండి. మోనోట్యూబ్ అంత తేలిగ్గా దిగదు. వదలగానే దానంతటదే పూర్తిగా పైకి రావాలి. మధ్యలో ఆగిపోయినా, అసలు లేవకపోయినా గ్యాసు పోయినట్టే. కుడి ఎడమ రెండూ ఒకే తీరుగా లేస్తున్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి గబుక్కున లేచి, ఇంకోటి బద్ధకంగా లేస్తే ఆ జత మీకొద్దు. (వేరే కంపెనీది, గొట్టంలో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్ సెట్టు చూసేవాళ్లకి ఒక మాట: అది పడుకోబెట్టి ఉంచినదైతే లోపలి గొట్టంలోకి గాలి చేరి మొదట్లో డొల్లగా ఆడుతుంది. నిలబెట్టి నాలుగైదు సార్లు కిందికీ పైకీ ఆడించాక కూడా డొల్లగానే ఉంటే అప్పుడు లోపం అనుకోవాలి.)

విశాఖ సామాను కాబట్టి మరలు తప్పకుండా చూడాలి. సముద్రపు గాలికి ఎత్తు సర్దే కాలర్ (స్ప్రింగు కింద తిరిగే రింగు) గొట్టానికి పట్టేస్తుంది. అమ్మేవాడి దగ్గర దాన్ని తిప్పే సీ-స్పానర్ ఉందో లేదో ముందే ఫోన్‌లో కనుక్కోండి. నాలుగు మూలలా కాలర్లు తిప్పించి చూడండి. తిరగకపోతే మీరు కొంటున్నది ఎత్తు మార్చలేని కాయిలోవర్.

కాలర్ ఇన్నాళ్లూ ఎక్కడ నిలిచిందో మరల మీది మట్టి గీతే చెబుతుంది. బాగా అడుగున ఉందంటే ఆయన బండిని నేలకి అంటించి నడిపాడన్నమాట. అప్పుడు డస్ట్ కవర్ ఎత్తి బంప్ స్టాపర్ (షాక్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బ కాచే మెత్తటి దిమ్మ) చూడండి. నలిగి, చిట్లి, పొడి రాలుతుంటే ఆ షాక్ ప్రతి గుంతలోనూ అడుగంటా కొట్టుకుందని అర్థం. ఫొటోలో ఇదేమీ తెలీదు. ఫొటో తీసే ముందు కడిగేస్తారు కదా!

పోలోకి వెనక స్ప్రింగూ షాకూ వేర్వేరు. కాయిలోవర్ సెట్టులో కూడా వెనక స్ప్రింగు విడిగా, దాని ఎత్తు సర్దే భాగం విడిగా వస్తాయి. పాత సెట్లలో ఎప్పుడూ మాయమయ్యేవి ఆ చిన్న ముక్కలే. అవి లేకుండా ఇంటికి తెచ్చుకుంటే మళ్లీ వెతుక్కోవడం పెద్ద తలనొప్పి. షాక్ మీది పార్ట్ నంబర్ రాసుకుని, కంపెనీ కేటలాగ్‌లో అది మీ మోడల్‌దేనని చూశాకే బయల్దేరండి.

ఇవన్నీ బాగున్నా స్ట్రట్ పైన ఉండే మౌంటింగ్ రబ్బరు, బేరింగ్, బంప్ స్టాపర్, డస్ట్ కవర్ మాత్రం కొత్తవే వేయించండి. వాటి ఖర్చు, బిగించే కూలి, అలైన్‌మెంట్ అన్నీ కలుపుకుంటే ఆ సగం ధర సగం దగ్గర ఆగదు. బేరం ఆడేటప్పుడు ఈ లెక్క నోటితో చెప్పండి, తగ్గిస్తాడు. స్ప్రింగు మీద పెయింటు లేచి కాస్త తుప్పు పట్టినా నేను పట్టించుకోను. చివరి చుట్టు దగ్గర పగులు లేకుండా, రెండు వైపులా ఒకే నంబరు ఉంటే చాలు.

ఇక ఎంత దించొచ్చన్నది. మీ పోలో గ్రౌండ్ క్లియరెన్స్ కంపెనీ లెక్క ప్రకారం సుమారు 165 మిల్లీమీటర్లు. బీ14 లాంటి సెట్లు సాధారణంగా 30 నుంచి 50 దాకా దించడానికి చేసినవి. అంటే అన్నిటికన్నా పైన పెట్టినా మీకు మిగిలేది 135. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పడితే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన ఊళ్లలో ఎత్తు అంతకన్నా ఎక్కువ, వెడల్పు మాత్రం అడుగున్నర. పెళ్లికి నలుగుర్నీ ఎక్కించుకుని ప్రతి ఊరి మొదట్లో ఇద్దర్ని దించి నడిపించాల్సి వస్తుంది.

అందుకే మీకు నా సలహా వేరు. మలుపులో బండి ఎంత ఒరగాలన్నది స్ప్రింగులూ, యాంటీ రోల్ బారూ (ఒరుగుడు తగ్గించడానికి కుడి ఎడమ చక్రాల్ని కలిపే కడ్డీ) తేలుస్తాయి. ఎంత వేగంగా ఒరిగి, ఎంత త్వరగా కుదుటపడాలన్నది షాక్ పని. 2015 బండికి ఇప్పటికీ కంపెనీ షాక్సే ఉంటే అవి ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఒక మూల బానెట్ గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడిపోవాలి. ఊగుతూ ఉంటే మీ బాధకి సగం కారణం అక్కడే దొరికింది. ఆ పాతవాటితో పోల్చుకునే మీకు కాయిలోవర్ మీద మనసు పోయింది. అదే కంపెనీ బీ6 అని చేస్తుంది, స్టాక్ స్ప్రింగుకి, స్టాక్ ఎత్తుకి సరిపోయేది. (బీ8 అంటే దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. పేర్లు దగ్గరగా ఉన్నాయని కలగాపులగం చేసుకోకండి.) సుంకి ఘాట్‌కి నేనైతే బీ6 వేస్తాను. అది కూడా పాతది దొరుకుతుంది, రాడ్డు, గ్యాసు పరీక్షలు దానికీ ఇవే.

అయినా ఆ బీ14 మీదే మనసుంటే, చూసి నచ్చితే తెచ్చుకోండి, కాలర్లు పూర్తిగా పైనే ఉంచండి. బిగించిన రోజే ఒకసారి, స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019లో ఆ మాటే గట్టిగా చెప్పింది. సస్పెన్షన్ మార్చే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా తెలియజేయండి. క్లెయిమ్ రోజున ఆ కాగితం అక్కరకొస్తుంది.

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మా అబ్బాయి స్విఫ్ట్ కారు కిందికి దించాలని స్ప్రింగులు రెండేసి చుట్లు కోయిస్తానంటున్నాడు. స్నేహితులందరూ అలాగే చేయించారట. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇందులో ప్రమాదమేమైనా ఉందా?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: ఉందమ్మా, వద్దనండి. చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుంది, ఆ బిరుసుకి పాత షాక్ చాలదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. కోసిన స్ప్రింగు పొట్టిది కాబట్టి, చక్రం గుంతలో వేలాడినప్పుడు సీటు వదిలేసి పక్కకి జరుగుతుంది, మళ్లీ సరిగ్గా అక్కడే కూర్చుంటుందన్న నమ్మకం లేదు. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును కూడా పోతుంది. దించక తప్పదంటే ఆ మోడల్‌కే చేసిన పొట్టి స్ప్రింగులు ఉంటాయి, వాటికి సరిపడే షాక్స్‌తో కలిపి వేయించుకోమనండి. డబ్బులు కూడేదాకా మంచి టైర్లతో సరిపెట్టుకోమనండి.