తాతగారి మండువా లోగిలి: కూల్చాలా, అప్పు చేసి నిలబెట్టాలా?

ప్రశ్న: భీమవరం దగ్గర పల్లెలో తాతగారి మండువా లోగిలి నాకూ అక్కకూ వచ్చింది. ఏళ్లుగా తాళం వేసే ఉంది, వెనక వరస కూలిపోయింది. పాత సామాను తీసుకుని 6 లక్షలిస్తాను, స్థలం చదును చేసి పెడతానని ఒక కాంట్రాక్టర్ అడుగుతున్నాడు. బాగు చేయించి హోమ్‌స్టే పెడితే 35 లక్షలవుతుందట. ఎఫ్‌డీలో 18 లక్షలున్నాయి. మిగతా 17 లక్షలకు హైదరాబాద్ ఫ్లాట్ తనఖా పెట్టవచ్చా? నా వయసు 44, ప్రైవేటు ఉద్యోగం.

జవాబు: ఫ్లాట్ జోలికి వెళ్లకండి. అలాగని ఆ 6 లక్షలకూ ఒప్పుకోకండి.

ముందు అప్పు సంగతి. 17 లక్షలు 10 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 22,500 కట్టాలి. మూడు గదులు, గదికి రోజుకు 2,500 అద్దె, నెలలో ఎనిమిది రాత్రులు అనుకుందాం. అందులో సగం నిండితే వచ్చేది 30,000. కాపలా మనిషి జీతం, కరెంటు, దుప్పట్ల ఉతుకు, బుకింగ్ కమీషన్ పోతే వాయిదాకు సరిపోదు. సంక్రాంతి మూడు రోజులు భీమవరంలో గది దొరకని మాట నిజమే. ఆ మూడు రోజులు చూసి ఏడాది లెక్క వేయకండి.

ఇక కాంట్రాక్టర్ బేరం. గుత్తగా అడిగాడంటే లాభం అతనికే కనబడుతోందన్నమాట. టేకు స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు ఘనపుటడుగుల్లో కొలిపించండి. పెంకులు, నాపరాళ్లు, ఇటుకలు విడిగా లెక్క కట్టించండి. గోడలు సున్నంతో కట్టినవైతే ఇంకా మంచిది. సున్నం గోకితే ఊడిపోతుంది, ఇటుక ముక్కలవకుండా బయటికొస్తుంది. సిమెంటు పట్టిన ఇటుక అలా రాదు. తమిళనాడులోని కారైకుడిలో పాత చెట్టినాడు ఇళ్ల తలుపులు, స్తంభాలు అమ్మే అంగళ్లే ఒక బజారుగా నడుస్తున్నాయి. ఆ సరుకుకు గిరాకీ ఉంది.

నా సలహా ఇది. కూలిన వెనక వరసను జేసీబీతో కాకుండా మనుషులతో విప్పించండి. ఆ కలప, పెంకులు, ఇటుకలతోనే ముందు వైపు బాగు చేయించండి. మిగిలిన కలప అమ్మితే కూలి ఖర్చులో కొంత తిరిగొస్తుంది. రెండు గదులు, రెండు బాత్‌రూములు, కప్పు, వైరింగ్, ఇంతకే ఆగండి. ఎఫ్‌డీలోంచి 12 లక్షలు దాటొద్దు. మిగతా 6 లక్షలు ఉద్యోగం పోతే ఇల్లు గడవడానికి, ముట్టుకోకూడదు. ఒక్క మాట: సున్నం గోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ వద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. తేమ లోపలే ఉండిపోయి గోడ పాడవుతుంది, డబ్బు రెండుసార్లు పోతుంది. దూలాలకు చెదలు ఉందో లేదో కప్పు విప్పకముందే వడ్రంగితో చూపించండి.

వీటన్నిటికంటే ముందు అక్కగారి వాటా. పంపకం కాని ఇంట్లో మీరు పెట్టే ప్రతి రూపాయీ రేపు తగవవుతుంది. పంపకాల దస్తావేజు గానీ, ఆవిడ ఇష్టపడి వాటా వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు గానీ రిజిస్టరు చేయించండి. ఆవిడ డబ్బు కోరితే అది మీ బడ్జెట్‌లోంచే తీయాలి, గదులు తగ్గినా సరే. స్థలం గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన నేలలో ఉంటే పాత ఇంటిపన్ను రసీదులు వెతికి పెట్టుకోండి. అలాంటి స్థలం మీద బ్యాంకులు సులువుగా అప్పివ్వవు.

మరమ్మతు ఖర్చు బ్యాంకు ద్వారానే చెల్లించి, బిల్లులు దాచండి. ఎప్పుడైనా అమ్మితే, అందులో ఇంటికి శాశ్వతంగా చేర్చిన పనుల ఖర్చును లాభంలోంచి తీసేసి పన్ను లెక్క కడతారు. ఇల్లు 2001 ఏప్రిల్ 1కి ముందే తాతగారిదైతే, ఆనాటి మార్కెట్ విలువను కొన్న ధరగా చూపించే వీలుంది. స్థలానికి అప్పటి రిజిస్ట్రేషన్ విలువ ఎంతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి రాసుకోండి.

ఒక ఏడాది నడిపి, గదులు నిండుతున్నాయని తేలాకే మూడో గది. అప్పుడు అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం అడగండి. హోమ్‌స్టేలకు ఇస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు, తనఖా అడగరు. అక్కగారితో మాట తేలి, కొలతల పట్టిక చేతికొచ్చేదాకా ఆ కాంట్రాక్టర్ దగ్గర అడ్వాన్సు తీసుకోకండి.