ఇల్లు 'కండెమ్' చేస్తామని ఉత్తరం వస్తే

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నేను రిటైరైన టీచర్ని. అమెరికాలో మా అబ్బాయి ఇంటికి, రోడ్డు వెడల్పు కోసం ముందు స్థలం కండెమ్ చేస్తామని ఉత్తరం వచ్చింది. ఇక్కడ మా పాత బడిని కండెమ్ చేసి పడగొట్టేశారు. మరి వాడి ఇల్లు పోయినట్టేనా?

జవాబు: కంగారు పడకండి మాస్టారూ. మీరు రాసినదాన్ని బట్టి అది భూసేకరణ నోటీసండి, అక్కడ దాన్నే కండెమ్నేషన్ అంటారు. మనకేమో ఆ మాట వినగానే పెచ్చులూడిన బడో, మూలపడి వేలానికి వెళ్ళే ఆఫీసు జీపో గుర్తొస్తుంది. జైల్లో ఉరిశిక్ష పడ్డవాణ్ణీ కండెమ్డ్ ఖైదీ అంటారు, మా కోర్టుల్లో అయితే 'వాదన వినకుండా ఎవర్నీ కండెమ్ చేయకూడదు' అని రోజూ వాదిస్తాం. నిఘంటువు తీస్తే ఖండన అని ఉంటుంది, దాంతో ఇంకా తికమక, ఎందుకంటే పేపర్లో నాయకుడు దాడిని ఖండిస్తే తప్పుబట్టినట్టు, తనమీద ఆరోపణను ఖండిస్తే అబద్ధమన్నట్టు.

ముందు ఆ ఉత్తరం ఏ ఆఫీసు నుంచి వచ్చిందో అబ్బాయిని చూడమనండి. రోడ్ల శాఖ అయితే సేకరణే. అదే ఊరి భవనాల తనిఖీ వాళ్ళదైతే ఇల్లు నివాసానికి పనికిరాదని అర్థం, అది వేరే గొడవ, అందులో స్థలం మాత్రం యజమానిదే. సేకరణకైతే, న్యాయమైన పరిహారం ఇవ్వకుండా ప్రజావసరానికి ఆస్తి తీసుకోకూడదని వాళ్ళ రాజ్యాంగం 5వ సవరణలోనే ఉంది. మొదట చెప్పిన రేటుకి సంతకం పెట్టెయ్యొద్దనండి, విడిగా విలువ కట్టించుకోవాలి, పోయే స్థలానికే కాదు, రోడ్డు గుమ్మం దాకా వచ్చేసి మిగిలిన ఇంటి ధర పడిపోతే దానికీ అడగాలి. గడువులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి కాబట్టి అక్కడి లాయర్నే పట్టుకోవాలి, నేను చెప్పేది సరిపోదు.

పనిలో పనిగా మీకో మాట. మన దగ్గర 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకి 60 రోజులుంటాయి. జాతీయ రహదారికైతే 1956 చట్టం, అందులో గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 21 రోజులే, మనవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కొబ్బరి చెట్లకి విలువ విడిగా కట్టాలి, లెక్క రాసేటప్పుడు దగ్గరుండి చూసుకోవాలండి. అబ్బాయి ఉత్తరం మొదటి పేజీ ఫొటో తీసి పంపమనండి, అది ఏ రకమో చూసి చెప్తాను.