లోపలి అంచు కనపడకుండా కుట్టాలంటే

ప్రశ్న: పాత వెంకటగిరి చీరతో మా పాపకు ఫ్రాకు కుట్టాను. ఓవర్‌లాక్ (దారంతో చుట్టిన) అంచు గుచ్చుకుంటోందని ఏడిస్తే, ఇంకోటి ఫ్రెంచ్ కుట్టుతో, అంటే అంచును మడతలో దాచేసి రెండుసార్లు కుట్టే పద్ధతిలో కుట్టాను. మంచి వైపు పక్క కుట్ల పొడవునా పోగులు లేచాయి. పైగా ఫ్రాకు బిగుతైంది. తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రెండూ కొలత దగ్గర వచ్చిన తప్పులేనమ్మా. టేపులో అంగుళాన్ని 8 గీతలుగా లెక్కపెట్టుకోండి, వాటిలోనే చెబుతాం. ఈ కుట్టుకు 4 గీతలు, అంటే అర అంగుళం గుడ్డ వదలాలి. ముందు లోపలి వైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, అంచు నుంచి 2 గీతల దూరంలో కుట్టండి. మామూలు అలవాటుకు ఇది తిరగబడినట్టు ఉంటుంది, కంగారు పడకండి. కుట్టాక, బయటికి మిగిలిన అంచును 1 గీతకు కత్తిరించాలి. చాలామంది వదిలేసే పని ఇదే. కత్తిరించకపోతే ఆ అంచు సరిగ్గా రెండో కుట్టు పడే చోటికే వచ్చి కూర్చుంటుంది. సూది దాన్ని పట్టుకుంటుంది, పోగులు మంచి వైపుకు వచ్చేస్తాయి.

కత్తిరించాక ఇస్త్రీ చేసి, మంచి వైపులు లోపలికి వచ్చేలా తిరగేయండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచును నలుపుతూ పోతే మొదటి కుట్టు దారం సరిగ్గా మడత కొనకు వస్తుంది. అది వేలికి తగులుతుంది. అక్కడ మళ్ళీ ఇస్త్రీ చేసి, మడత నుంచి 2 గీతల దూరంలో రెండో కుట్టు వేయండి. ఇస్త్రీ ఎగ్గొడితే మడత సగం లోపలే నలిగి, మంచి వైపు కుట్టు వంకరగా కనపడుతుంది.

బిగుతు సంగతి: 3 గీతలే వదిలి 4 గీతలు కుట్టేసి ఉంటారు. రెండు పక్కలా కలిపి నాలుగు అంచులు, ఒక్కోచోట ఒక్కో గీత పోయినా చుట్టుకొలతలో అర అంగుళం తగ్గిపోతుంది.

పల్చటి గుడ్డకు 9 లేదా 11 నంబరు సూది చాలు. పాత చీర నేత బలహీనపడి ఉంటుంది కాబట్టి కుట్టు మరీ దగ్గరగా వద్దు, అంగుళానికి 10 నుంచి 12 సరిపోతాయి. జరీ ఉన్న ముక్క కుట్టులోకి రాకుండా కత్తిరించుకోండి. జరీ కొన ఎంత దాచినా గుచ్చుకుంటుంది.

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డతో చుడీదార్ టాప్ కుట్టుకుంటున్నాను. పక్కన స్లిట్ ఉంటుంది, తర్వాత విప్పుకునే వీలూ కావాలి. ఫ్రెంచ్ కుట్టు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దు. అందులో మిగులు గుడ్డను కత్తిరించేస్తాం, ఇక వదులు చేసుకోవడానికేం మిగలదు. జాకెట్లకు కూడా పక్కల్లో ఈ కుట్టు పనికిరాదు. మీరు 1 అంగుళం గుడ్డ వదిలి, ముందు భాగం, వెనక భాగం విడివిడిగా ఉండగానే అంచును 2 గీతలు లోపలికి మడిచి, చంక నుంచి కింది దాకా మడత కొన వెంబడి కుట్టేయండి. తర్వాత మంచి వైపులు కలిపి, స్లిట్ గుర్తు దాకా పక్క కుట్టు వేసి, అక్కడ 3, 4 కుట్లు వెనక్కీ ముందుకీ తొక్కి గట్టి చేయండి. మిగులును రెండు వైపులకూ విప్పి ఇస్త్రీ చేస్తే అదే మడత స్లిట్‌లోకి తిన్నగా దిగిపోతుంది. స్లిట్ చుట్టూ పైకుట్టు వేస్తే అంచు ఎక్కడా కనపడదు. స్లిట్ మొదలయ్యే చోట అడ్డంగా కూడా కుట్టాలి, లేకుంటే కూర్చున్నప్పుడు చిరుగు అక్కడే మొదలవుతుంది. తర్వాత వదులు చేసుకోవాలంటే ఈ పైకుట్టూ విప్పాల్సి ఉంటుంది.

ప్రశ్న: మందపాటి కాటన్ పైజామాకు తొడ దగ్గర కుట్టు ఊరికే పిగిలిపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: జీన్సు ప్యాంటు పక్కన రెండు వరుసల కుట్టు చూసే ఉంటారు, అదే వేయండి. లోపలి వైపులు ఆనించి, 5 గీతల దూరంలో కుట్టండి. ఒక అంచును మాత్రమే 2 గీతలకు కత్తిరించి, పెద్ద అంచును దాని మీదుగా సగానికి మడిచి, గుడ్డ మీద పరిచి ఇస్త్రీ చేసి, మడత కొన వెంబడి కుట్టేయండి. రెండంచులూ కత్తిరిస్తే చుట్టడానికేమీ ఉండదు. సూది 16 నంబరు పెట్టండి. నాలుగు కుట్లు కలిసే గడ్డ దగ్గర పెడల్ మీంచి మీ కాలు తీసేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించండి. అక్కడ వేగంగా తొక్కితే సూది విరుగుతుంది.