చచ్చిపోయాడన్న భర్త బతికే ఉంటే, ఆ హత్య కేసులో శిక్ష పడిన భార్య అతన్ని చంపొచ్చా?

థ్రిల్లర్‌లో బాగా పండే మలుపే గానీ, మన కోర్టులో నిలవదు. రాజ్యాంగం 20(2) అధికరణ, బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 337వ సెక్షన్ అడ్డుకునేది ఒకే నేరానికి రెండోసారి శిక్షను. ఇప్పుడు నిజంగా చంపితే తేదీ, చోటు, చర్య అన్నీ వేరు. అది కొత్త హత్య, కొత్త కేసు. పాత జైలుకాలం అడ్వాన్సు కింద జమ కాదు!

ఆమెకు పనికొచ్చేది అతను ప్రాణాలతో దొరకడమే. హైకోర్టులో అప్పీలు నడుస్తుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 432 కింద అదనపు సాక్ష్యం తీసుకోమని, 430 కింద శిక్ష నిలిపి బెయిలివ్వమని అడగాలి. అప్పీలే వేయకపోతే, 60 రోజుల గడువు దాటినా ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్‌తో కలిపి వేయొచ్చు. ఫొటో ఒక్కటే చాలదు. వేలిముద్రలో, తల్లిదండ్రులతో డీఎన్‌ఏ పోలికో కావాలి. దొంగసాక్ష్యం పుట్టించి ఆమెను ఇరికించాడని తేలితే, బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షలు చెప్పే చట్టం) 230 కింద అతనికే యావజ్జీవం పడొచ్చు.