హాంకాంగ్ వెళ్లే మేనకోడలికి

చి. మాధవికి,

మావయ్య ఆశీస్సులు. మీ అమ్మ ఫోన్ చేసి, "ఇది హాంకాంగ్ పోయి పాత కుంగ్‌ఫూ సినిమాల వాళ్లని ఇంటర్వ్యూలు చేస్తుందట, నువ్వైనా చెప్పు" అంది. మానెయ్యమని చెప్పమందో, జాగ్రత్తలు చెప్పమందో నాకు తెలీలేదు. రెండోదే అనుకుని రాస్తున్నాను. మనింటి పిల్ల ఇలాంటి పనికి పూనుకుందంటే ఛాతీ ఉప్పొంగిన మాట నిజమే, గుండెల్లో రాయి పడిన మాటా నిజమే.

భయమెందుకంటే, టైం లేదు. డైరెక్టర్ చాంగ్ చే 2002లో, ఫైట్ మాస్టరూ డైరెక్టరూ అయిన లౌ కార్‌లియుంగ్ 2013లో, హీరో జిమ్మీ వాంగ్ యు 2022లో, హీరోయిన్ చెంగ్ పేయ్‌పేయ్ 2024లో పోయారు. హీరోలు టి లుంగ్, డేవిడ్ చియాంగ్‌లకి ఎనభై దరిదాపుల్లోకి వచ్చేసింది. ఇంకో హీరో గోర్డన్ లియుకి 2011లో పక్షవాతం వచ్చింది. అలాంటి మనిషి మంచం పక్కన కెమెరా పెట్టావంటే నేనే ఊరుకోను. వాళ్లింట్లోవాళ్లు వద్దన్నాక రెండోసారి అడగకు. హీరోల గుమ్మాల ముందే పడిగాపులు పడకుండా, కెమెరా అసిస్టెంట్లు, డూపులు, గుంపులో తన్నులు తిన్న ఫైటర్లు ఎవరున్నారో వెతుకు. వాళ్లని ఎవరూ వచ్చి అడగలేదు కాబట్టి వాళ్ల మాట ఇంకా పచ్చిగా ఉంటుంది.

దిగగానే సాయ్ వాన్ హోలో ఉన్న హాంకాంగ్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి వెళ్లు. 2001లో తెరిచారు. సినిమావాళ్ల జ్ఞాపకాలు వాళ్లు ఎప్పటినుంచో రికార్డు చేస్తున్నారు. నువ్వు కలవబోయే మనిషి ఇదివరకే ఏం చెప్పాడో అక్కడ చదువుకో. అది మళ్లీ చెప్పించడానికి అంత దూరం పోనక్కర్లేదు.

రికార్డర్లు రెండు. సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, కుదించని వేవ్ ఫైలు. ఒక్కో మైకుకి గంటకి 500 ఎంబీ పైచిలుకు పడుతుంది. కాలర్ మైకు మాట్లాడే పెద్దాయనకొకటి, దుబాసీకొకటి, ట్రాకులు విడివిడిగా. పడుకోబోయే ముందు రెండు చోట్ల కాపీ. బద్ధకించావో, చెవి మెలేస్తాను. ఆ పెద్దవాళ్లు టీ హోటల్‌కి రమ్మంటారు. వెళ్లు, డిమ్‌సమ్ అనే అక్కడి చిరుతిళ్లు తిను, వాళ్ల కప్పులో టీ పొయ్యి. రికార్డింగ్ మాత్రం అక్కడ పెట్టకు. పింగాణీ గిన్నెల చప్పుడు, పక్క టేబుల్ వాళ్ల కబుర్లు అన్నీ టేపులోకి ఎక్కేస్తాయి, తర్వాత వాటిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు.

దుబాసీ సంగతి. హాంకాంగ్ కదా, అక్కడి భాష కాంటనీస్ వస్తే చాలనుకోకు. 1960లలో షా బ్రదర్స్ అనే పెద్ద స్టూడియో బలం చైనా ప్రామాణిక భాష మాండరిన్‌లో తీసిన సినిమాలదే. షాంఘైలో పెరిగినవాళ్లు, తైవాన్ ఒపేరా బడుల నుంచి వచ్చినవాళ్లు ఆ స్టూడియోలో చాలామంది. ఏ భాషలో మాట్లాడితే ఆయనకి హాయో ముందే కనుక్కో. దుబాసీకి ఒక్క షరతు పెట్టు: "ఆయన ఏమంటున్నారంటే" అని సారాంశం చెప్పకూడదు, ఆయన "నేను" అంటే తనూ "నేను" అనే చెప్పాలి. ఆయన మూడు నిమిషాలు మాట్లాడితే నీకు రెండు ముక్కలే వచ్చాయా, అక్కడే ఆపి మళ్లీ చెప్పించు. మొహమాటపడితే సగం పోగొట్టుకుంటావు.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. గోర్డన్ లియునే కాంటనీస్‌లో లౌ కార్‌ఫాయ్, మాండరిన్‌లో లియు జియాహుయ్ అంటారు. తెలియనివాళ్లు ఒక్క మనిషిని ముగ్గురు చేస్తారు. ఇంటిపేరు చూసి లౌ కార్‌లియుంగ్‌కి సొంత తమ్ముడని రాసేవాళ్లూ ఉన్నారు. ఆయన లౌ కార్‌లియుంగ్ తండ్రి లౌ చామ్ దగ్గర విద్య నేర్చుకుని ఆ ఇంటిపేరు పెట్టుకున్నవాడు. ఎవరి పేరు వినబడినా నోట్‌బుక్ ఆయన ముందుకి జరిపి చైనీస్ అక్షరాల్లో రాయించుకో.

ఇక అసలు తప్పు. యాభై ఏళ్లుగా వెళ్లిన వాళ్లందరూ చేస్తున్నదే, నువ్వూ చేస్తావని నా బెంగ. కూర్చోగానే "బ్రూస్ లీ ఎలాంటివాడండీ?" అని మొదలుపెట్టడం.

బ్రూస్ లీ 1973 జూలై 20న పోయాడు. ఆనాటి నుంచి ఆయన పక్కన ఒక్క షాట్‌లో నిలబడ్డ ప్రతివాడినీ ఇదే అడుగుతున్నారు. ఆ జవాబు అరిగిపోయిన రికార్డు. అందులో చెప్పేవాడు కళ్లారా చూసిందెంతో, తర్వాత పత్రికల్లో చదివి కలుపుకున్నదెంతో అతనికే తెలీదు. పైగా సొంతంగా ఎన్నో సినిమాలు చేసిన మనిషికి, ఈ పిల్ల కూడా వాడి కోసమే వచ్చిందని తెలిసిపోతుంది. ఆ తర్వాత నువ్వు ఏమడిగినా పొడిపొడిగానే వస్తుంది.

దానికి బదులు ట్యాబ్‌లో నువ్వు కలిసే పెద్దాయన ఉన్న ఫైట్ ముక్కలు మూడు పట్టుకెళ్లు, ఒక్కోటి అర నిమిషం మించకుండా. షా వాళ్ల సినిమాలు 2002 చివరి నుంచి సెలెస్టియల్ సంస్థ శుభ్రం చేసి విడుదల చేసింది, ఆ ప్రింట్లు తీసుకో. సౌండ్ తీసెయ్. అప్పట్లో షూటింగ్‌లో మాట రికార్డు చేసేవాళ్లు కాదు, గొంతులూ దెబ్బల చప్పుళ్లూ అన్నీ తర్వాత కలిపినవే. చాలాసార్లు తెర మీద గొంతు ఆయనది కాదు. సౌండ్ ఉంటే సినిమా చూస్తాడు, లేకపోతే తన ఒళ్లు చూసుకుంటాడు.

మొదటిసారి నోరు మూసుకుని చూపించు. రెండోసారి ఆపుతూ అడుగు: కెమెరా ఎక్కడుంది? ఈ షాట్‌లో వరసగా ఎన్ని దెబ్బలు, కట్ ఎక్కడ? ఫైట్ మాస్టర్ చేసి చూపించాడా, నోటితో చెప్పాడా? పడ్డచోట పరుపుందా, నేలేనా? చొక్కా కింద ఏం కట్టారు? కెమెరా సెకనుకి 24 ఫ్రేములు తిప్పారా, 22కో 20కో తగ్గించారా? తగ్గిస్తే తెర మీద వేగం పెరుగుతుంది. అది పట్టుకోవాలంటే చేతుల్ని కాదు, బట్టల అంచుల్ని చూడు. అంగీ కొసలు ఉండాల్సినదానికన్నా చురుగ్గా కొట్టుకుంటుంటే అడిగి తీరాలి. 1978 నాటి "థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్"లో జబ్బలకి కత్తులు కట్టుకుని, చేతులు దించితే పక్కటెముకల్లో గుచ్చుకునేలా నీళ్లు మోసే సీను ఉంది కదా. ఆ సెట్ మీద ఉన్నవాళ్లు ఎవరైనా దొరికితే కత్తులు దేనితో చేశారు, బకెట్లు నిండుగా ఉన్నాయా, ఒక్క టేకులో హీరో చేతులు ఎంతసేపు నిలబెట్టాడు అని అడుగు.

ఇలా అడిగితే ఆయన చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. అందుకే వెడల్పు ఫ్రేమ్ పెట్టుకో, మోకాళ్ల దాకా. ముఖం దగ్గరగా పెట్టావంటే చెప్పదలచుకున్నదంతా ఫ్రేమ్ బయటే జరిగిపోతుంది. బ్రూస్ లీ సంగతి రావాల్సి ఉంటే రెండో గంటలో దానంతటదే వస్తుంది.

ఏ ముక్కలు చూపించాలో కూడా ఆలోచించు. షా బ్రదర్స్ హీరో అలెగ్జాండర్ ఫు షెంగ్ 1983లో కారు ప్రమాదంలో పోయాడు. ఆయన నటిస్తున్న "ఎయిట్ డయాగ్రమ్ పోల్ ఫైటర్" అప్పటికి సగంలో ఉంది, కథ మార్చి గోర్డన్ లియు మీద పూర్తి చేశారు. ఆ యూనిట్ వాళ్లకి ఆ సినిమా మొదటే పెట్టకు. పెట్టినా, కళ్లు తిప్పుకుంటే ఆపెయ్, ఎందుకని అడక్కు.

ఒక్క షాట్‌ని డైరెక్టరు నాదంటాడు, ఫైట్ మాస్టరు నాదంటాడు. మన మద్రాసు రోజుల్లోనూ ఇదే గొడవ. తీర్పు చెప్పకు, ఇద్దరి మాటా తేదీ వేసి రాసుకో.

విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వు. పండ్లు పట్టుకెళ్లు, గడియారం మాత్రం బహుమతిగా ఇవ్వకు, చావుని తలపిస్తుందని వాళ్లకి పట్టింపు. ఫైట్ మాస్టర్లని "సీఫూ" అని, అంటే గురువుగారూ అని, పిలువు. అనుమతి కాగితం చైనీస్‌లో, రెండు ప్రతులు, సంతకం టీ తాగేటప్పుడే. రోజుకి ఒక్కరే, గంటన్నర దాటితే నువ్వే లేచి నిలబడు. మనలాగే వాళ్లూ అలిసిపోయామని చెప్పరు.

నువ్వు కూడా వేళకి తిను, తల్లీ. ప్రశ్నల జాబితా, క్లిప్పుల జాబితా వచ్చే వారంలోగా నాకు పంపు. మొదటి పేజీలో బ్రూస్ లీ పేరు కనిపించిందో, ఎర్ర సిరాతో కొట్టేసి తిప్పి పంపుతాను.

మావయ్య